యజమాని బోల్టు

నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది. నా నోట్లోంచి వచ్చే తిట్లు కొన్ని తీసేస్తానంది. తీసేసుకోనీ, నా దగ్గర ఇంకా ఉన్నాయి.

పెబ్బేరులో రోడ్డు పక్కన మాకు వెల్డింగ్ షెడ్డు ఉంది. ట్రాక్టరు వెనక కట్టే విత్తనాల గొర్రులు చేస్తాం. మట్టిలో చాళ్లు తీసే కాళ్లను ఒక ఇనుప పట్టీకి బోల్టులతో బిగిస్తే గొర్రు. మా ఆయన ఉన్నప్పుడు సంతలో ఎద్దులు కొనడానికి వచ్చినవాళ్లు కూడా మా ముందు ఆగి, గొర్రు ధర అడిగి, టీ తాగి, ఏమీ కొనకుండా పోయేవాళ్లు. ఆయన పోయాక ఆ టీ తాగేవాళ్లు కూడా తగ్గారు. అయిజ రైతు సంఘం ఆర్డరు మాకు రాకపోతే షెడ్డుకు తాళమేనని నేనూ బిడ్డా ఒక మాట అనుకున్నాం.

ఆ సంఘం పెద్ద ఒకరోజు వచ్చి మంచం మీద కూర్చున్నాడు. నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలుస్తాను.

"చెల్లె, మా తాన ఒకడు పల్లి ఏస్తడు, ఇంకొకడు కంది ఏస్తడు. ఒకనికి ఐదు కాళ్ల గొర్రు గావాలె, ఒకనికి తొమ్మిది గావాలె. అన్నిటికి కంప్యూటర్ బొమ్మలు జూపియ్యి. సంత నాడు వస్త. బొమ్మలు లేకుంటె కర్నూలు దిక్కు పోత, ఏమనుకోకు."

మా ఆయన బొమ్మ గీసింది ఎప్పుడూ నేల మీదే, సుద్దముక్కతో. తుడిచే పని మా కోళ్లది.

కానీ బిడ్డ పాలిటెక్నిక్ చదివింది. గొర్రును కంప్యూటర్లో ముక్కలు ముక్కలుగా గీసి, ఆ ముక్కలను తెర మీదే కలిపి బిగిస్తుంది. పక్కన కూర్చుని చూశాను. ఒక్క బోల్టు పెట్టడానికి ఎంత తతంగమో. బోల్టు నడిమి గీత రంధ్రం నడిమి గీతతో కలవాలని చెప్పాలి. బోల్టు తల పట్టీకి ఆనాలని చెప్పాలి. తర్వాత వాషరు, ఆ తర్వాత నట్టు. షెడ్డులో పానా పట్టుకుంటే అంతకంటే ముందే అయిపోతుంది.

"ఇట్ల జేస్కుంట కూసుంటె సంత నాటికి ఒక్క గొర్రు గూడ లేవదు గదనే," అన్నాను.

"మాక్రో జేస్తనమ్మా."

"గదేంది?"

"ఒక్క కాలికి నేను బిగించి చూపిస్త. కంప్యూటర్ యాది పెట్టుకుంటది. మల్ల ఎన్ని కాళ్లంటె అన్నిటికి అదే బిగిస్తది."

"కొత్త కోడలికి వంట నేర్పినట్టు."

"కోడలైతె ఎదురు మాట్లాడతది. ఇది మాట్లాడది."

"మరి నువ్వు తప్పు చూపిస్తె?"

"తప్పే జేస్తది."

ఇక చూపించే పని మొదలుపెట్టింది. మోత దాంట్లోకి పోతుందేమోనని నేను లేచి వెళ్లి, ఇనుము కోస్తున్న పనివాడితో గ్రైండర్ ఆపించాను. టీ గ్లాసు కూడా చప్పుడు కాకుండా పెట్టాను. అది చూసి నా బిడ్డ నవ్వి నవ్వి కుర్చీలోంచి జారింది. "అది చెవులతోటి వినదమ్మా, నా చేతి పనే చూస్తది," అంది. ముందే చెప్పొద్దా మరి.

సంత రోజు పెద్దాయన వచ్చాడు. నేను మిరపకాయ బజ్జీలు తెప్పించి పెట్టాను. తెర మీద చిన్న డబ్బా లేచి, ఎన్ని కాళ్లు అని అడిగింది. ఆయన ఐదన్నాడు. బిడ్డ ఐదు కొట్టింది. అంతే, పట్టీ సాగింది, కాళ్లు వరసగా దిగాయి, బోల్టులు ఎక్కడినుంచో ఎగిరొచ్చి తమ తమ చోట్ల కూర్చున్నాయి. బజ్జీ ఆయన నోటి దాకా పోకుండా చేతిలోనే ఆగింది. నాకు గర్వంతో కడుపు నిండింది.

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. వేలితో తెర మీద ఒక్కో కాలు దగ్గర ఆగుతూ పోయాడు.

"చెల్లె, ప్రతి కాలికి ఒక బొక్క ఉత్తగనే ఉంది. ఏంది కత?"

బిడ్డ ముఖం వాడిపోయింది. నాకు మాత్రం వెంటనే తెలిసింది. అది మా ఆయన పద్ధతి. కొత్త గొర్రు షెడ్డు దాటేటప్పుడు ఒక్క బోల్టు మాత్రం బిగించకుండా వదిలేవాడు. దాన్ని పసుపు గుడ్డలో మూట కట్టి రైతు చేతికిచ్చేవాడు. రైతు తన వాకిట్లో తన చేత్తో బిగిస్తేనే గొర్రు అతనిదైనట్టు. చిన్నప్పటినుంచి ఆ మూట కట్టింది నా బిడ్డే. అందుకే కంప్యూటరుకు చూపించేటప్పుడు కూడా చేతి అలవాటుగా చివరి రంధ్రం వదిలేసింది. అది చూసి నేర్చుకున్నది ప్రతి కాలికీ వదిలింది.

ఉన్నదున్నట్టు చెప్పాను. పెద్దాయన నన్నూ తెరనూ మార్చి మార్చి చూశాడు.

"ఒక్కటంటె బిగిస్తం చెల్లె. గిన్ని బిగియ్యాలంటె రైతు ఇత్తనం ఎప్పుడు ఇత్తాలె? మెకానిక్ షాపు పెట్టుకోవాలె గద."

"మా ఆయన బతికుంటె ఇయ్యాల ఆయన్ని మంచిగ తిట్టేదాన్ని," అన్నాను.

ఆయనకు నవ్వొచ్చింది కానీ లేచి చెప్పులు వెతుక్కున్నాడు. చెప్పులు వేసుకున్న మనిషి ఎటు పోతాడో నాకు తెలుసు.

"పెద్దనాయనా, ఇంకో గ్లాసు చాయ్ తాగు, గంతలనే సరిజేస్త," అంది బిడ్డ.

నేను పొయ్యి దగ్గరికి పరుగెత్తాను. కావాలనే నీళ్లు ఎక్కువ పోశాను, తొందరగా మరగకూడదు కదా. బిడ్డ ఆ మాక్రో కడుపు విప్పింది. లోపలంతా ఇంగ్లీషు అక్షరాలు. నాకు తెలుగు అక్షరాలే అంతంతమాత్రం గనక భయమేయలేదు. ముందు అన్ని రంధ్రాలూ నింపాలి, అంతా అయ్యాక చివరి కాలికి మాత్రం ఒక్క బోల్టు తీయాలి, అలా మార్చానంది.

ఆయన చాయ్ పట్టుకుని ఈసారి తొమ్మిదన్నాడు. తొమ్మిది కాళ్లూ దిగాయి. అన్నీ నిండాయి, చివర ఒక్కటి తప్ప. నా బిడ్డ ఆ ఖాళీ రంధ్రం మీద వేలు పెట్టింది.

"ఇదొక్కటి మీది పెద్దనాయనా."

"తొవ్వల పారేస్కుంటె?"

"రెండు కట్టిస్త," అన్నాను.

గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు. "కాయితం మీద మాత్రం అన్ని బోల్టులు ఉండాలె చెల్లె. లేకుంటె మా సంఘపోల్లు నా తలకాయ తింటరు. ఇగ పని షురూ జెయ్యి."

అందుకని బిడ్డ ఆ డబ్బాలో తెలుగులో ఇంకో ప్రశ్న పెట్టింది. యజమాని బోల్టు వదలాలా అని. కాయితానికైతే వద్దని కొట్టాలి. తెలుగులో ఎందుకే అంటే, నువ్వు కూడబలుక్కుంటూ చదువుతావని అంది.

మొదటి గొర్రు తీసుకుపోవడానికి పెద్దాయనే ట్రాక్టరు తోలుకుని వచ్చాడు. పసుపు మూట చేతిలో పడగానే విప్పి, పానా ఇవ్వమన్నాడు. "ఈడ గాదన్నా, మీ వాకిట్ల," అని మూట మళ్లీ కట్టించాను. చిన్నపిల్లాడిలా గొణుక్కుంటూ అంగీ జేబులో వేసుకున్నాడు. రెండు బోల్టుల బరువుకు జేబు ఒక పక్కకు లాగింది. అలాగే ట్రాక్టరెక్కి అయిజ దారి పట్టాడు. నేను లోపలికొచ్చి, రెండో గొర్రుకు పట్టీ కోయమని పనివాడితో గ్రైండర్ పెట్టించాను.