తిట్లు ఒలిచే బాబాయ్

మా బాబాయ్ తిట్లు ఒలుస్తాడు. ఎవరైనా తిడితే మామూలు మనుషులు పడతారు, లేదా తిరిగి తిడతారు. బాబాయ్ మాత్రం కళ్ళజోడు సవరించుకుని, అరటిపండు తొక్క తీసినంత నిదానంగా ఆ తిట్టును ఒలిచి, లోపల మిగిలింది చీటీ మీద రాసి గోడకి అంటిస్తాడు.

ఆయనకు తిట్లకు కొదవ లేదు. చిన్న గ్రంథాలయాల కోసం ఓ సాఫ్ట్‌వేర్ రాసి, ఓపెన్ సోర్స్ అంటూ లోకం మీదికి వదిలాడు. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, లోపల ఏముందో చూడవచ్చు, చేతనైతే బాగుచేయవచ్చు. చేతకాకపోతే తిట్టవచ్చు. జనం ఎక్కువగా ఆఖరిదే ఎంచుకున్నారు. నాతో కలిపి తొమ్మిదిమంది వాలంటీర్లం, జీతం లేకపోయినా చీవాట్లు మాత్రం క్రమం తప్పకుండా అందుకునేవాళ్ళం.

"చూడు బాబాయ్! 'రెండో భాగం వెతికితే మొదటి భాగం వస్తోంది, దద్దమ్మల్లారా!' అట" అని నేను మండిపడితే, ఆయన "రెండో భాగం వెతికితే మొదటిది వస్తోంది" అని రాసుకునేవాడు.

"మరి దద్దమ్మ?"

"అది తొక్కరా. పారేయ్."

ఈ జబ్బు ఇంట్లోనూ ఉండేది. "వంటింటి కుళాయి కారుతోందని ఆర్నెల్లుగా మొత్తుకుంటున్నా, ఈ ఇంట్లో వినే నాథుడే లేడా?" అని పిన్ని విరుచుకుపడితే, "కుళాయి కారుతోంది" అని చీటీ అంటించేవాడు. తన కోపంలో ముప్పాతిక వంతు అలా చెత్తబుట్ట పాలయ్యేసరికి పిన్నికి ఇంకా ఒళ్ళు మండేది. కుళాయి కారుతూనే ఉండేది.

అలాంటి రోజుల్లో 'నిప్పురవ్వ' అనే మారుపేరుతో ఒకడు మా మీద పడ్డాడు. విడుదలకు ముందు పరీక్ష కోసం సాఫ్ట్‌వేర్ కొత్త కూర్పు ఏది పెట్టినా సరే, మర్నాడు పొద్దున్నే ఉత్తరం సిద్ధం. "కళ్ళు అటకమీద పెట్టారా? రచయితల పేర్లు వరసలో లేవు." "కళ్ళు ఇంకా అటకమీదే ఉన్నాయా? తిరిగిచ్చిన పుస్తకం ఇవ్వనట్టే చూపిస్తోంది."

మాలో బాగా పనిచేసే ఒకమ్మాయి ఓ ఉత్తరం చదివి ఏడ్చేసింది. "అతనుంటే నేనుండను" అంది. నాకు రోషం పొడుచుకొచ్చి, నిప్పురవ్వను బ్లాక్ చేయాలని వీడియో సమావేశంలో ప్రతిపాదించాను. ఏడుగురు చేతులెత్తారు.

బాబాయ్ గోడ మీది నిప్పురవ్వ చీటీలన్నీ పీక్కొచ్చి కెమెరా ముందు పరిచాడు. "ఇవి నలభై ఒకటి. అందులో ముప్పై ఎనిమిది నిజంగా మన తప్పులే. మనలో ఎవరైనా ఇన్ని పట్టామా?"

"అందుకని ఈ అమ్మాయి మాటలు పడాలా?" అన్నాను.

"అస్సలు పడక్కర్లేదు. ఒక్క వారం గడువివ్వండి. మారకపోతే నా చేత్తో నేనే బ్లాక్ చేస్తా."

ఆ పూటే తన పేరు పెట్టకుండా, జట్టు తరఫున ఉత్తరం రాశాడు. "మీరు పట్టిన తప్పులకు కృతజ్ఞతలు. కానీ మీ మాటలకు నొచ్చుకుని మాలో ఒకరు వెళ్ళిపోబోతున్నారు. ఇకమీదట తప్పులు అందరికీ పంపండి. తిట్లు ఈ చిరునామాకు, నాకొక్కడికే పంపండి. రెండూ శ్రద్ధగా చదువుతాను."

నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదు. అయిదోరోజు అందరికీ ఓ ఉత్తరం వచ్చింది. అందులో ఒక తప్పు, అది ఎలా బయటపడిందో వివరం, చివర ఆ అమ్మాయికి క్షమాపణ. తిట్లన్నీ బాబాయ్ ఇచ్చిన చిరునామాకు విడిగా వచ్చాయి, రెండు పేజీలు. ఆయన వాటిని కాఫీ తాగుతూ చదువుకున్నాడు. అమ్మాయి ఉండిపోయింది.

ఆ ఆదివారం బాబాయ్ ఇంటికి వెళ్ళాను. వంటింట్లోంచి పిన్ని కేక వినిపించింది.

"ఏమండీ! కళ్ళు అటకమీద పెట్టారా? కుళాయి కింద గిన్నె పొర్లిపోతోంది!"

ఆ అటకమీది కళ్ళు నేను ఉత్తరాల్లో చదివినవే. పిన్ని అక్కడితో ఆగలేదు. "మీ జట్టులో ఉత్తరాలు రాసేవాడెవరో గానీ ఎంత మర్యాదస్థుడట! ఎవరో చెబితే విన్నాలెండి. అతన్ని చూసి నేర్చుకోండి!"

బాబాయ్‌ని బాల్కనీలోకి లాక్కెళ్ళాను. "నిప్పురవ్వ ఎవరో నీకు తెలుసా?"

"తెలీదు. నీకూ తెలీదు."

"ఎప్పట్నుంచి తెలీదు?"

"మొదటి ఉత్తరం నుంచీ." బాబాయ్ గొంతు తగ్గించాడు. "ముప్పై ఏళ్ళు గ్రంథాలయంలో ఒక్క పుస్తకం వరస తప్పనివ్వలేదురా మీ పిన్ని. రిటైరయ్యాక మూడు నెలలు కిటికీ పక్కన ఊరికే కూర్చుంది. ఇప్పుడు చూడు, కాఫీ కూడా తాగకుండా మన తప్పులు వెతుకుతోంది. నాకు తెలుసని తెలిస్తే సిగ్గుపడి మానేస్తుంది."

"మరి బ్లాక్ చేస్తానన్నావు?"

"చేసేవాణ్ణే. ఆ అమ్మాయిని ఏడిపించడం తప్పు కదా. ఉత్తరం వచ్చేదాకా నాకు ముద్ద దిగలేదనుకో."

బాబాయ్ అంటే నాకు అప్పటిదాకా ఇష్టం మాత్రమే. ఆ రోజు నుంచి గౌరవం కూడా.

ఆ సాయంత్రం బాబాయ్ పక్కన కూర్చుని, మర్నాడు పరీక్షకు పెట్టబోయే కొత్త కూర్పు చూస్తుంటే, తెర మీద ఓ బొత్తాం కాస్త పక్కకి ఒరిగి కనిపించింది. సరిచేయబోతే బాబాయ్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ముట్టుకోకు. అది నిప్పురవ్వ కోసం ఉంచాను."

వంటింటి కుళాయి ఇప్పటికీ కారుతూనే ఉంది. అదీ అందుకేనా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.