ఆయా వైపు నుంచి

తొమ్మిదో తరగతి పిల్ల కథ రాసుకున్న నోట్‌బుక్‌ను బడివాళ్లు లాక్కున్నారు. ఇప్పటికీ తిరిగి ఇవ్వలేదు. రాయమన్నది నేను.

సూర్యాపేటలో ముప్పై ఏళ్లు నవలలు కిరాయికిచ్చే దుకాణం నడిపాను. ఐదో తరగతితో చదువు ఆగిన నాకు ఆ అరలే బడి. సెల్‌ఫోన్లు వచ్చి దుకాణం మూతపడ్డాక, మిగిలిన డిటెక్టివ్ నవలలు సంచిలో వేసుకుని ప్రతి శనివారం కోదాడ బస్సెక్కేవాణ్ని. అక్కడ ఒక ప్రైవేటు బడిలో లైబ్రరీ పీరియడ్ నాకిచ్చారు. ఊరికే చెప్తానన్నాను కనుక ఇచ్చారు.

కిరాయి నవలలకు ఒక తెగులుంది. ముందు చదివినవాడు మొదటి పేజీలోనే హంతకుడి పేరు పెన్సిల్‌తో రాసిపెడతాడు. దుకాణంలో కూర్చుని ఎన్ని చెరిపానో. పిల్లలకు మాత్రం చెరపకుండానే ఇచ్చాను.

"తాతా, చంపింది ఇంటి యజమానేనని ముందే రాసేశారు. ఇంకేం చదవాలి?" అంది ముందు బెంచీ పిల్ల.

"నీకైతే తెల్సింది. మరి కథ చెప్పెటోడు ఎందుకు దాస్తున్నడు? ఎవని పక్కన నిలబడి సూస్తున్నడో పట్టు."

మూడు వారాలకు పట్టారు. కథ చెప్పేవాడు యజమాని సోఫా పక్కనుంచి కదలడు. అందరూ అనుమానించే వంటమనిషి దగ్గరికి, వంటింట్లోకి, ఒక్కసారీ పోడు. అయితే అదే కథ వంటింట్లో నిలబడి రాయండన్నాను.

ఆ పిల్ల నవలను పక్కన పెట్టి, వాళ్ల బడి ఆయా వైపు నుంచి రాసింది. స్టాఫ్‌రూమ్‌లో ఫోను పోయిందని ఆయాను పనిలోంచి తీసేశారు. వారానికి ఫోను ల్యాబ్ సొరుగులో దొరికింది. ఆయాను మళ్లీ ఎవరూ పిలవలేదు. ఇదంతా బడికి తెలిసిందే. కథలో కొత్తగా ఉన్నదొక్కటే: ఆయా కొంగు విప్పి దులిపి చూపిస్తుంటే ఎవరెవరు కిటికీలోంచి బయటికి చూశారో. క్లాసులో అది పైకి చదివింది.

తర్వాతి శనివారం ప్రిన్సిపాల్ నన్ను గేటు దగ్గరే ఆపాడు.

"పెద్దాయనా, డిగ్రీ లేనివాళ్ల చేత పాఠాలు వద్దని కరస్పాండెంట్ గారు చెప్పారండీ. పైగా చెత్త నవలలంట. ఆ పిల్ల నోట్‌బుక్ కూడా తీసేసుకున్నాం."

"రెండేండ్ల సంది లేని డిగ్రీ ఇయ్యాల యాదికొచ్చిందా? నోట్‌బుక్ ఏది?"

"అది సార్ దగ్గరికి వెళ్లిపోయింది."

పిల్ల గేటు లోపలి నుంచి అడిగింది: "తాతా, ఇంకో కాపీ లేదు. తెచ్చిస్తారు కదా?"

తెస్తానన్నాను.

బడి నడిపే ఆ కరస్పాండెంటుకు మిర్యాలగూడలో రైస్‌మిల్లు ఉంది. కాలేజీ రోజుల్లో నా దుకాణానికి వచ్చేవాడు. నవలల మీద హంతకుల పేర్లు రాసిన చేతుల్లో ఆయనదీ ఒకటి, నేను మరచిపోలేదు. రెండుసార్లు మిల్లుకు పోయాను. "సారు మీటింగుల ఉన్నడు. ఎండ తగ్గినంక పో తాతా," అని వాచ్‌మన్ స్టూలు వేశాడు. ఆ వాచ్‌మన్‌కున్న పాటి మర్యాద లోపల లేదు. మూడు ఉత్తరాలు రాశాను. నా పీరియడ్ ఊసే ఎత్తలేదు, నోట్‌బుక్ ఒక్కటే అడిగాను.

మొన్న జవాబు వచ్చింది. నా నవలల మీద పెన్సిల్‌తో రాసిన అదే చేతిరాత.

"పెద్దాయనకు నమస్తే. ఉత్తరాలు అందినయి. నోట్‌బుక్ నా దగ్గరనే ఉంది. పిల్ల మంచిగ రాసింది. ఆయా వైపు నుంచి రాయించిన్రు గదా, ఇగ నా వైపు నుంచి గూడ ఒకటి రాయించి పంపుండ్రి. అది నాకు నచ్చితే ఇది వాపస్ ఇస్త."