ఆదివారం పోయిన ఐదు సెంట్లు

వరప్రసాదం మాస్టారికి ఒక కథ ఉంది. వేమూరు దగ్గర ఆయన పనిచేసే బడిలో కొత్తగా ఎవరు చేరినా వారం తిరిగేలోగా అది వినాల్సిందే. "తెనాలిలో ఐదు సెంట్లు, రోడ్డు మీద బిట్టు. చేతికందింది జారిపోయింది. దేవుడి దినం పాటించినందుకు పోయింది" అని మొదలుపెట్టేవాడు. విన్నవాళ్ళు అయ్యో పాపం అనేవాళ్ళు. ఆ అయ్యో వినకపోతే మాస్టారికి అన్నం సహించదు.

కథ నిజమే. పన్నెండేళ్ళ క్రితం బసవమ్మ అనే రైతు కుటుంబపు ఆవిడ, తన కొడుక్కి చదువు చెప్పాడన్న అభిమానంతో, ఆ స్థలం అమ్ముతానని ముందుగా ఆయన దగ్గరికే వచ్చింది. వచ్చింది ఆదివారం పొద్దున, మాస్టారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని చర్చికి బయల్దేరుతుండగా.

"అడ్వాన్సు ఇచ్చి కాగితం రాయించుకోండి మాస్టారూ. మీకు కాబట్టే ఈ రేటు" అంది.

"ఆదివారం మేం బేరాలు చెయ్యమమ్మా. రేపు ఇస్తాను."

"రేపు అమావాస్యండి."

"పోనీ ఎల్లుండి?"

"మంగళవారం మా చేతుల్లోంచి భూమి పోనివ్వమండి. బుధవారం రండి."

చూశారా, ఆయన దేవుడూ ఆవిడ పంచాంగమూ కలిసి మూడు రోజులు మింగేశాయి! బుధవారం సాయంత్రం బడి వదిలాక మాస్టారు డబ్బు సంచీతో వెళ్ళేసరికి, ఆ మధ్యాహ్నమే బాపట్ల ఆసామి ఒకాయన అడ్వాన్సు ఇచ్చి వెళ్ళాడు. ఇప్పుడక్కడ మూడంతస్తుల బిల్డింగు, కింద బట్టల కొట్టు. మాస్టారు బడికెళ్ళే బస్సు రోజూ దాని ముందు నుంచే పోతుంది. అవతలి పక్క సీట్లో కూర్చున్నా ఆయన మెడ ఇటే తిరుగుతుంది.

అంతటితో పోతే బాగుండేది. ఆ తర్వాత ఏ స్థలం చూపించినా ఆయన కంటికి ఆనలేదు. అమృతలూరులో చూపిస్తే, "ఈ డబ్బుకి ఆ రోజు తెనాలిలో రోడ్డు మీదే వచ్చేది" అన్నాడు. ఈలోగా భార్య రిబ్కా నాలుగు అద్దె ఇళ్ళు మారింది. మారిన ప్రతిసారీ తను పెంచుకున్న కరివేపాకు చెట్టు వదిలేసి వచ్చింది. కుండీలో పెంచుకోవచ్చుగా అని సలహా కూడా ఇచ్చాడు, మహానుభావుడు!

వచ్చే మార్చిలో రిటైర్మెంటు. ఇంటివాళ్ళు ఖాళీ చెయ్యమన్నారు. సరిగ్గా అప్పుడే రిబ్కా పుట్టిన ఊరు రేపల్లెలో యలమంద అనే ఆయన మూడు సెంట్లు అమ్ముతానన్నాడు. ఆదివారం చర్చి నుంచి రాగానే ఆయన ఫోను. "ఇవాళ సప్తమి, రోజు బాగుందండి. వచ్చి అడ్వాన్సు ఇచ్చెయ్యండి. బాపట్ల వాళ్ళు కూడా అడుగుతున్నారు."

ఆదివారం కుదరదని చెప్పి మాస్టారు ఫోను పెట్టేశాడు. "మళ్ళీ ఆదివారమే! నా రాత చూడు. ఆ రోజు కూడా..."

"ఆపండి" అంది రిబ్కా. ఆ కథకి ఆవిడ అడ్డం రావడం ఇదే మొదటిసారి. "ఆదివారం ఏం చేసింది పాపం? బసవమ్మగారు బుధవారం రమ్మన్నారు. డబ్బు ముందురోజే బీరువాలో ఉంది. ఒక్కపూట సెలవు పెట్టి పొద్దున్నే వెళ్ళండీ అని గుమ్మంలో నిలబడి బతిమాలాను. పరీక్షలన్నారు. పరీక్షలు అయిపోయి అప్పటికి వారమైంది. మీకు భయమేసింది. మిగతా డబ్బుకి తియ్యాల్సిన లోను తీర్చలేమేమోనని భయం. దాన్ని తీసుకెళ్ళి దేవుడి మీద పెట్టారు."

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. వందమందికి చెప్పిన కథలో ఆ బుధవారం పొద్దున ఎప్పుడూ లేదు. ఆయనే తీసేశాడు.

"భయపడ్డానే రిబ్కా" అన్నాడు చివరికి.

"నాకు తెలుసు. ఈ మాట అప్పుడే అనుంటే ఇంకో స్థలం కొనుక్కునేవాళ్ళం కదండీ."

అయినా ఆదివారం కదల్లేదు, మాస్టారు మాస్టారే. సోమవారం పొద్దున సెలవుచీటీ పంపించి, రిబ్కాతో తెనాలిలో మొదటి రైలెక్కి రేపల్లెలో దిగాడు. యలమంద వరండాలో పేపరు చదువుకుంటున్నాడు.

"అయ్యో, ఇవాళ అష్టమి మాస్టారూ! రేపు నవమి, పైగా మంగళవారం. దశమి బుధవారం దివ్యంగా ఉంది. అప్పుడు రండి."

బుధవారం అనేసరికి రిబ్కా గభాల్న మాస్టారి వైపు చూసింది. మాస్టారు మాత్రం చెప్పులు విప్పి, యలమంద పక్కన బల్ల మీద కూర్చున్నాడు.

"సరేనండి. బుధవారందాకా ఇక్కడే ఉంటాను. రాత్రికి మా మరదలింట్లో పడుకుని, తెల్లారేసరికి మళ్ళీ ఈ బల్ల మీదే. బాపట్ల వాళ్ళు వస్తే నన్ను దాటుకుని లోపలికి రావాలి."

యలమంద నవ్వాడు. మాస్టారు నవ్వలేదు.

"మరి బడో?" అన్నాడు యలమంద.

రిబ్కా అప్పటికే హెడ్మాస్టరుకి ఫోను కలిపింది. "సార్, వరప్రసాదం మాస్టారి భార్యనండి. ఆయన బుధవారందాకా రారండి... లేదండి, ఒంట్లో బాగానే ఉందండి. ఇల్లు కట్టుకుంటున్నామండి."