జోరు కాదు, బరువు

ఆస్పత్రి లాండ్రీలో తడి దుప్పట్ల బండి తోసేది గనక అందరూ ఆమెను బండక్క అనేవారు. ఒళ్ళు చూసి పెట్టిన పేరని సూపర్‌వైజరు పళ్ళికిలించేవాడు. ఆ నవ్వును ఆమె ఏనాడూ మరచిపోలేదు.

రెండు ట్రిప్పులు ఒక్కటి చేద్దామని బండిలో రెట్టింపు దుప్పట్లు వేయించింది అతనే. ఆ రోజే బండి ఆగక, ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే ఆమె తోడికోడలి పాదం నలిగింది. "బండిని జోరుగా తోసింది" అని రిపోర్టు రాసిందీ అతనే. దాని మీద మేనేజరు సంతకం పడితే బండక్క ఉద్యోగం ఊడినట్టే.

ఆమె ప్రైవేటుగా పదో తరగతికి చదువుతోంది. సైన్సు పుస్తకంలో ఒక్క పేజీని వారమంతా నమిలి మింగింది. వేగం పెరగడమే కాదు, తగ్గడమూ త్వరణమే. బలం అంతే ఉండి ద్రవ్యరాశి రెట్టింపైతే త్వరణం సగమవుతుంది. అంటే, అదే వేగంతో వస్తున్న బండిని అంతే బలంతో వెనక్కి లాగితే, ఆగడానికి రెట్టింపు దూరం పడుతుంది. చదివేకొద్దీ ఆమె కోపం చల్లారలేదు, పదునెక్కింది.

సోమవారం మేనేజరు లాండ్రీకి రాగానే నేల మీద సుద్దతో గీత గీసింది.

"సార్, ఈ బండి ఈయన్నే తొయ్యమనండి. నెమ్మదిగానే. గీత రాగానే వెనక్కి లాగి ఆపాలి."

"నాకేం ఖర్మ?" అన్నాడు సూపర్‌వైజరు.

"భయమేస్తోందా అన్నా?"

ఇస్త్రీవాళ్ళు కిసుక్కుమన్నారు. పౌరుషానికి పోయి తోశాడు. ఒక్క ట్రిప్పు లోడే ఉన్న బండి గీత దాటి రెండు టైల్స్‌కి ఆగింది.

"చేతనైతే ఆగుతుంది సార్!" అని మీసం దువ్వాడు.

బండక్క మిగతా దుప్పట్లు తన చేత్తోనే వేసింది, సరిగ్గా ఆ రోజు వేయించినన్ని. అతను మళ్ళీ అదే నడకతో తోశాడు. గీత దగ్గర పళ్ళు బిగించి లాగాడు. బండి అతన్ని ఈడ్చుకుంటూ నాలుగు టైల్స్ దాటాక గానీ నిలబడలేదు.

"నెమ్మదిగానే నడిచారు గదన్నా. మరి జోరెక్కడిది?"

మేనేజరు రిపోర్టూ పెన్నూ సూపర్‌వైజరు ముందుకు చాపాడు. అతను 'జోరుగా' అన్న మాట కొట్టేసి, లోడు బరువు తన ఆర్డరేనని రాశాడు.

"చదవండి," అంది బండక్క.

గొణిగాడు.

"మిషన్ల చప్పుడులో వినపడలేదన్నా."

మిషన్లన్నీ పొద్దున్నే ఆపించింది ఆమే. అతను గొంతు పెంచి చదివాడు.

"ఇస్త్రీ బల్లల వైపు తిరిగి ఇంకోసారి," అంది బండక్క.