బోర్డు కోసం ఎర్రబడ్డ కన్ను

మా ఎదురింటి తమ్ముడు పోయాడు. కంటి జబ్బుతో పోయాడని సందులో చెప్పుకుంటున్నారు. కంటి జబ్బుతో మనుషులు పోరు. మీ చెవిన కూడా ఆ మాటే పడి ఉంటే కాసేపు ఈ ముసలివాడి మాట వినండి. బడికి పోయినవాణ్ని కాను. గోదావరిఖని గోడల మీద యూనియన్లు రాసిన పెద్దపెద్ద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చాను. గోడ ఎటు తిరిగితే నా చదువు అటు తిరిగింది. నా రాతకూ ఆ అలవాటు పోలేదు.

తమ్ముడంటే తోడబుట్టినవాడు కాదు. బొగ్గు బాయిలో టింబర్‌మన్. నేను రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా అతనికి ఇంకా సర్వీసు ఉంది. భూమి కింద పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం అతని పని. నిలబెట్టడం సగమే. బొగ్గు తీయడం అయిపోయాక వెనక్కి వెనక్కి నడుస్తూ ఆ దుంగలను ఒక్కొక్కటిగా లాగడం మిగతా సగం. ఒకటి లాగి, ఆగి, పైన చప్పుడు విని, అప్పుడు రెండోది. "కప్పు మాట్లాడుతదన్నా. అది మాట్లాడేటప్పుడు మనం మాట్లాడొద్దు" అనేవాడు. భూమి మీదికి వచ్చాక మాత్రం ఆ నోటికి ఆపు లేదు.

కొన్నేళ్ల కింద ఎడమ కన్ను ఎర్రబడింది. అందరం కండ్ల కలక అనుకున్నాం. టీ కొట్టులో అతని గ్లాసు వేరుగా పెట్టారు.

"దూరం కూసో కాకా, నీ కన్ను నాకు అంటుకుంటది" అన్నాడొక కుర్రవాడు.

"అంటుకోనీ బిడ్డా. రేపు నీకు సిక్ లీవు దొరుకుతది."

కలకైతే వారంలో పోవాలి, ఇది పోలేదు. వెలుతురు చూస్తే లోపల సూది దించినట్టుండేది. చీకట్లో పనిచేసేవాడికి వెలుగు పడని జబ్బు రావడం చూస్తే, దేవుడు కూడా షిఫ్టు చూసుకునే డ్యూటీ వేస్తాడనిపిస్తుంది. పట్నంలోని కంటి దవాఖానకు తోడు పోయాను. కంటి లోపలి పొర వాచిందనీ, అంటుకునేది కాదనీ, తగ్గినా మళ్లీ మళ్లీ రావచ్చనీ డాక్టరమ్మ చెప్పింది.

"ఎప్పుడొస్తదో, ఎందుకొస్తదో తెల్వదంటరు. అంటె మా బామ్మర్ది లెక్కనే గద మేడం!"

డాక్టరమ్మ నవ్వింది. నవ్వుతూనే గట్టిగా చెప్పింది: ఈ స్టెరాయిడ్ గోళీలు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి, ఒక్కసారి ఆపకూడదు, ఇవి చాలాకాలం వాడాక ఒంట్లో సహజంగా ఊరే ఇలాంటి మందు తయారవడం ఆగిపోతుంది, అది మళ్లీ మొదలుకావడానికి వ్యవధి ఇవ్వాలి.

తిరుగు బస్సులో తమ్ముడు ఆ మాటను తన భాషలోకి దించుకున్నాడు. "ఇది మన పనే అన్నా. దుంగలు ఒక్కటొక్కటే గుంజాలె. అన్నీ ఒక్కసారి గుంజితె..." అని అరచెయ్యి నెత్తి మీదినుంచి దభీమని తొడ మీదికి కొట్టాడు. ముందు సీటావిడ ఉలిక్కిపడి మూట గట్టిగా పట్టుకుంది.

అప్పటినుంచి అదే బతుకు. గోళీని అడకత్తెరలో పెట్టి సగం చేసేవాడు, సగాన్ని మళ్లీ సగం. మొహం ఉబ్బి గుండ్రమైంది. ఆకలి విపరీతం. "గంజులన్నం గంజులనే తింటుండు బావా, మేము గిన్నె అడుగు గీక్కోవాలె" అని మా మరదలు, అంటే అతని భార్య, నాతో మొర పెట్టుకునేది. ఇక రేపో మాపో గోళీ మానేస్తాడనగా కన్ను మళ్లీ ఎర్రబడేది. మళ్లీ నిండు గోళీ. "మెట్లు దిగుతన్ననే అనుకుంటన్నన్నా. ఆఖరు మెట్టు కాడ ఎవడో మల్ల పైకి నూకుతుండు."

కంట్లో చుక్కలు వేయడం కూతురి డ్యూటీ. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసి, తండ్రి తల వెనక్కి వంచి సీసా పట్టుకునేది. మధ్యాహ్నం ఊరి పక్కన భూమిని పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగితే మా ఇళ్లు అదురుతాయి. సీసా మూతి కంట్లో పొడుచుకుంటుందని, ఆ అదురు పోయేదాకా పిల్ల చెయ్యి గాలిలోనే ఆగేది. "జల్ది వెయ్యి బిడ్డా, కన్ను మూసుకపోతంది!" "ఆగు నాయినా, భూమి కదులుతంది!" ఎదురరుగు మీదినుంచి నేను చూస్తుండేవాణ్ని.

ఆ పిల్ల డిగ్రీ చదివి ఇంట్లోనే ఉంది. తమ్ముడి ఫికరంతా అదే. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. జబ్బుపడ్డ కార్మికుడు మెడికల్ బోర్డు ముందుకు పోతాడు. ఇక పనికి పనికిరాడని వాళ్లు తేలిస్తే ఆ కొలువు బిడ్డకు వస్తుంది. అందుకే బోర్డుకు తయారుకావడం మా దగ్గరొక విద్య. షుగరున్నవాడు ముందురోజు లడ్డూలు తింటాడు. నడుము నొప్పివాడు ఇంటి గడప దగ్గరినుంచే కుంటడం మొదలుపెడతాడు. దొంగ జబ్బులకు తేదీ చెబితే తప్పకుండా వస్తాయి. తమ్ముడిది నిజం జబ్బు. దానికి ఆ మర్యాద తెలియదు.

బోర్డు తేదీ తెలిసేనాటికి కన్ను కడిగిన ముత్యంలా ఉంది. గోళీలు ఇంకా నడుస్తున్నాయి. టీ కొట్టులో సలహాలకు డబ్బులడగరు. "గీ కన్ను జూసి నిన్ను అన్‌ఫిట్ జేస్తరా? గోళీలు బంద్ పెట్టు, అదే ఎర్రగైతది. బోర్డైనంక మల్ల మింగు" అన్నారట. ఆ రోజుల్లో నేను బెల్లంపల్లిలో మా అక్క ఇంట్లో ఉన్నాను. అక్కడికి ఫోన్ చేశాడు.

"అన్నా, కన్ను మంచిగ ఎర్రగయింది!"

కన్ను ఎర్రబడ్డందుకు సంబరపడే మనిషిని జన్మలో అప్పుడే విన్నాను. సంగతేమిటని అడిగేలోపు, నువ్వొచ్చినంక చెప్తనని పెట్టేశాడు.

మర్నాటినుంచి వాంతులు, ఒకటే నీరసం. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగించారు. దవాఖానకు చేర్చేసరికి మాట పడిపోయింది. ఏ గోళీలు వాడుతున్నాడు, ఎప్పుడు ఆపాడు అని డాక్టర్లు అడిగితే మరదలు బిత్తరపోయింది. ఆపాడన్న సంగతే ఆమెకు తెలియదు. బోర్డుకు రెండు రోజుల ముందు తమ్ముడు పోయాడు. పాత రిపోర్టులు చూపించి, యంత్రంలో కంటి లోపలి మచ్చలు చూపిస్తే బోర్డుకు చాలేదేమో, గోళీలు ఆపే పనే లేదని, నేను బెల్లంపల్లినుంచి వచ్చాక ఒక డాక్టరు నాతో అన్నాడు. ఆ మాట టీ కొట్టులో చెప్పినవాడు లేడు. ఆ సలహా ఎవరిచ్చారని నేను పోయి అడిగితే, అందరూ గ్లాసుల్లోకి చూశారు.

భూమి కింద అన్నేళ్లు ఒక్క దుంగ విషయంలో కూడా తొందరపడని మనిషి. తన ఒంటి కింది దుంగలన్నీ ఒక్కసారే గుంజేశాడు. ఆ ఒంట్లో కప్పు మాట్లాడే ఉంటుంది. బిడ్డ కొలువు ధ్యాసలో వినిపించి ఉండదు.

కొలువైతే వచ్చింది. సర్వీసులో ఉండగా చనిపోయినవాడి బిడ్డకు ఇచ్చే కొలువు. తండ్రి అడిగిందొకటి, వచ్చిన దారి ఇంకొకటి. చేరేముందు పిల్లకూ మెడికల్ పరీక్ష ఉంటుంది కదా. నిన్న మధ్యాహ్నం ఎదురింట్లోంచి మరదలి గొంతు వినిపించింది.

"ఏడ్వకు బిడ్డా. రేపు మెడికలున్నది. కండ్లు ఎర్రగుంటె అన్‌ఫిట్ జేస్తరు."

పిల్ల వాకిట్లోకి వచ్చి ఆ ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చుంది. తల వెనక్కి వంచి, కండ్ల మీద తడిగుడ్డ కప్పుకుంది. అప్పుడే బ్లాస్టింగు జరిగింది. కిటికీలు గలగలమన్నాయి. ఒళ్లో ఉన్న ఆమె కుడిచెయ్యి దానంతటదే లేచి, వేళ్ల మధ్య సీసా ఉన్నట్టే, అదురు పోయేదాకా గాలిలో ఆగింది.