సరోజ పెంచిన నారు

పన్నెండేళ్లుగా ఒక మాట గుండెలో బండలా ఉంది. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరు నన్నెరగరు. అందుకే మీతో చెప్పుకోగలుగుతున్నాను.

పలమనేరు దగ్గర మాది టమాటా పండించే ఇల్లు. నేను పెద్దకోడలిని. కాపురానికి వచ్చినప్పటి నుంచి నారు పోసే పని నాదే. మడిలో నారు పీకి చేనులో నాటితే సగం బతికేది, సగం వాలిపోయేది. అందరిళ్లలోనూ అంతే కాబట్టి ఎవరూ నన్ను తప్పుపట్టలేదు.

తర్వాత మా మరిదికి పెళ్లయి సరోజ వచ్చింది. టీ అంగడిలో పారేసే పాలకవర్లు అడిగి తెచ్చి, కడిగి, అడుగున చీపురుపుల్లతో పొడిచి, ఎర్రమన్నూ ఇసుకా మాగిన పేడా కలిపి నింపింది. కవరుకొక గింజ పెట్టింది. నేను నవ్వాను. నాటేరోజు కవరు చింపి, మన్నుగడ్డతో సహా మొక్కను గుంటలో దించింది. వేరు కదల్లేదు. ఒక్క మొక్కా తల వాల్చలేదు.

ఇకమీదట నారు సంగతి సరోజే చూసుకుంటుందని, నన్ను గొడ్ల దగ్గర ఉండమని అత్త చెప్పింది. కోపంగా అనలేదు. అందుకే మరీ గుచ్చుకుంది. నాకు పోయిందేమిటి? పని తగ్గింది, అంతే కదా? అయినా పాలు పిండుతున్నంతసేపూ నా చెవులు ఆ కవర్ల దగ్గరే ఉండేవి. ఊళ్లోవాళ్లు చూడ్డానికి వచ్చేవాళ్లు. అన్నం తింటూ మా ఆయన కూడా ఆమెనే మెచ్చుకునేవాడు.

ఆ మరుసటేడు సరోజకు మూడో నెలలో కడుపు పోయింది. మంచం దిగిన తర్వాత రోజంతా ఆ కవర్ల దగ్గరే కూర్చునేది. వాటిని చూసుకుంటూనే ఆమె తేరుకుంటోందని నాకు తెలుసు. తెలిసే చేశాను.

వాళ్లమ్మకు బాగాలేదని కబురొస్తే సరోజ నాలుగు రోజులు ఏర్పేడు వెళ్లింది. నీళ్లు చిలకరించమని నాకు చెప్పి వెళ్లింది. రెండు రోజులు సరిగానే చిలకరించాను. రెండోరోజు అత్త వచ్చి, లేత ఆకులను పసిబిడ్డ తల నిమిరినట్టు నిమిరింది. నేను పెంచిన నారును ఆమె ఎన్నడూ అలా తాకలేదు. మూడోరోజు పొద్దున బకెట్టు నీళ్లలో దోసెడు కల్లుప్పు కలిపాను. నాలుగోరోజూ కలిపాను. ఉప్పు పూర్తిగా కరిగేదాకా కలియబెట్టాను. అది కూడా చెప్పాలి.

సరోజ వచ్చేసరికి ఆకుల అంచులు మాడి ఉన్నాయి. చేనులో పెడితే కోలుకుంటాయని నాటింది. వారం తిరగకముందే అన్నీ పోయాయి. ఒక మొక్కను పెకలించి, వేళ్లు చూసుకుంటూ నన్ను అడిగింది.

"అక్కా, నీళ్లు ఎట్ల పోసినావు?"

"నువ్వు సెప్పినట్లే పోసినా."

తల ఊపింది. నా మీద అనుమానమే రాలేదు.

"నీ తప్పేం లేదులే అక్కా. నా సేతిలో ఏదీ నిలవదు. కడుపులోదీ నిలవలా, ఇదీ నిలవలా."

అప్పుడైనా నోరు తెరవచ్చు. ఎందుకు తెరవలేదు? భయమా? భయం తర్వాత వచ్చింది. ఆ క్షణంలో మాత్రం నా పని నాకు తిరిగొచ్చిందన్న సంతోషం కలిగింది. నేను చేసిన పనికంటే ఆ సంతోషమే నన్ను ఎక్కువ తినేస్తోంది.

సరోజ మళ్లీ గింజ ముట్టలేదు. మన్ను ఎంత, పేడ ఎంత అన్నీ నాకు ఓపిగ్గా నేర్పింది. ఆమె పద్ధతిలో నేను పెంచిన నారు ఏటేటా బతికింది. పక్క ఊళ్లవాళ్లు వచ్చి అడిగితే ఆ పద్ధతి నాదేనన్నట్టు చెప్పాను. ఆమెకు కూతురు పుట్టినప్పుడు, నా చెయ్యి మంచిదని, బారసాలనాడు బిడ్డను నాచేతే తొట్లో వేయించింది. వేశాను.

ఇప్పుడు వాళ్లు చిత్తూరులో ఉంటున్నారు. పోయిన నెల చూడ్డానికి వెళ్లాను. పక్కింటామె తులసి మొక్క తెచ్చిస్తే, సరోజ చేతులు వెనక్కి పెట్టుకుని కూతుర్ని పిలిచి నాటమంది. నేను ఆమె ఇచ్చిన కాఫీ తాగి బస్సెక్కాను.

సరోజ మొక్కలను చంపింది నేను. ఆమెతో ఈ మాట అంటానో లేదో తెలియదు. క్షమించమని అడిగే ముఖం లేదు, మీరూ క్షమించొద్దు. ఒక్కసారి రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది.