పొడుగు ప్రార్థన

మా ఇంట్లో కంచాలు పెట్టాక ప్రార్థన చెయ్యకుండా ఎవరూ ముద్ద ముట్టరు. అది బతుకుతెరువుకి ఈ హిందీ ఊరొచ్చిన నాన్న పెట్టిన పద్ధతి. గోల్‌మురిలో రేకుల కార్ఖానా డ్యూటీ దిగి వచ్చి, సైకిల్ గోడకి ఆనించి, చేతులు కడుక్కుని, నాలుగు మాటల్లో దేవుడికి స్తోత్రం చెప్పి తినేవారు. ఆకలితో ఉన్నవాళ్ల ఎదుట దేవుడితో ఎక్కువసేపు మాట్లాడకూడదనేవారు. బడికి వెళ్లని నాకు అక్షరాలు దిద్దించింది కూడా ఆ భోజనాల బల్ల దగ్గరే.

ఇప్పుడా బల్ల దగ్గర నేనూ, మా చెల్లెలి కూతురూ. చెల్లెలు పోయాక నా దగ్గరే పెరిగి డాక్టరైంది. నిరుడు ఈ ఊళ్లోనే ఒక పెద్దాసుపత్రిలో, కాన్పుల విభాగంలో, పీజీలో చేరింది. ఇంటికి దగ్గరే కదా అని సంబరపడ్డాను. తీరా చూస్తే ఒకరోజు పొద్దున్న వెళ్లిన పిల్ల మర్నాడు మధ్యాహ్నానికి గాని వచ్చేది కాదు.

"ఏటే, తింతావా, పడుకుంటావా?"

"తినేసి పడుకుంటాను పెద్దమ్మా. బస్, జల్దీ ప్రార్థన చేసీ."

నేను మొదలుపెట్టగానే తల వంచి కళ్లు మూసుకునేది. ఎంత అలసటలోనూ ఎంత భక్తి అని మురిసిపోయేదాన్ని.

ఆ మురిపెం ఒక ఆదివారం ఆగిపోయింది. దీనితో కలిసి చదివిన అమ్మాయి ఇంగ్లాండులో డాక్టరుగా చేస్తోంది. ప్రతి ఆదివారం మాకు వీడియో కాల్ చేస్తుంది. ఆ రోజు నా ప్రార్థన వింటూ ఫోన్లోంచే పకపకా నవ్వింది.

"పెద్దమ్మా, అది నిద్రపోతంది! కాలేజీలోనూ ఇలాగే, భక్తురాలి పోజులో కూర్చుని గురక పెట్టీది."

దానికి మెలకువ వచ్చి, "చుప్, దొంగ మొహమా! నీకేటి, టైముకి డ్యూటీ దిగిపోతావు" అంది.

"అవునే. టైము దాటి ఉంటే ఎందుకున్నావని అడుగుతారిక్కడ. కుట్టు వెయ్యాలన్నా పక్కన సీనియర్ నిలబడి చూడాల."

"నా పక్కనెవరు నిలబడ్డారు? మొదటి కుట్టు సీనియర్ ఫోన్లో చెప్తంటే వేశాను."

"అందుకే నీ చెయ్యి తిరిగిపోయింది. నేనింకా చూత్తన్నాను. కొన్నాళ్లకోసారి ఊరు మార్చేత్తారు. తిన్నావా అని అడిగీవోళ్లు లేరు పెద్దమ్మా."

అప్పుడు చూశాను. ఆ పిల్ల చేతిలో అట్టపెట్టెలో తెచ్చుకున్న రొట్టెముక్క. వెనకాల అన్నీ ఖాళీ కుర్చీలు. కంటినిండా నిద్రపోయే పిల్ల ఒంటరిగా తింటోంది. తోడున్న పిల్ల కంచం ముందే నిద్రపోతోంది.

ఆ తర్వాత నేను నాన్న మాట తప్పి ప్రార్థన పొడిగించాను. వార్డులో బాలింతలు, నర్సులు, ఊడ్చేవాళ్లు, బర్మామైన్స్‌ బస్తీలో మా చుట్టాలు, పర్సుడీహ్ బజారులో కూరలమ్మే ముసలామె, అందరినీ తలుచుకునేదాన్ని. అన్నం చల్లారేది. దాని భుజాలు మెల్లగా సడలేవి.

ఒక మధ్యాహ్నం వచ్చి కూర్చుంది గాని కళ్లు మూసుకోలేదు. ఒకామెకి కాన్పు తర్వాత రక్తం ఆగలేదట. సీనియర్లంతా ఆపరేషన్ గదిలో. ఇది ఒక్కత్తే. తల్లి బతికింది. దీని చేతులు మాత్రం ఇంకా వణుకుతున్నాయి.

"మానేత్తాను పెద్దమ్మా. పరీక్ష రాసి ఇంగ్లాండు పోతాను. నాకోసం ప్రార్థన చెయ్యి."

ఆ తల్లిని బతికించినందుకు స్తోత్రం చెప్పాను. దీన్ని పంపమని అడగనా, ఉంచమని అడగనా? పంపమనడానికి నోరు రాలేదు. ఉంచమనడానికి మనసొప్పలేదు, అది నా ఒంటరితనం అడిగే మాటని నాకు తెలుసు కనక. ఆ రోజు ప్రార్థన తొందరగా అయిపోయింది.

కొన్ని వారాలు పరీక్ష పుస్తకాలు బల్ల మీదే ఉన్నాయి. ఒకరోజు వాటిని అదే తీసి అల్మారాలో పెట్టేసింది.

"ఏటే?"

"నా కింద కొత్త జూనియర్ చేరింది పెద్దమ్మా. నిన్న మొదటి కుట్టు వేసింది. పక్కన నిలబడ్డాను. ఉస్‌కా హాథ్ భీ కాంప్ రహా థా, నాలాగే వణుకు. వదిలేసి ఎలా పోతాను?"

ఉండిపోయింది. దేవుడికి స్తోత్రం. కాకపోతే ఇప్పుడు తన డ్యూటీ అయ్యాక కూడా ఆ పిల్ల పక్కన నిలబడుతోంది. ఇద్దరూ అక్కడే తినేస్తారు. క్యారేజీలో నేను ఇద్దరికి సరిపడా పెడుతున్నాను.

మధ్యాహ్నం బల్ల దగ్గర నేనొక్కదాన్నే కూర్చుంటాను. ఎదురుగా నిద్రపోవాల్సినవాళ్లు లేరు. నాన్న చెప్పిన నాలుగు మాటలే చెప్పుకుంటాను. అన్నం పొగలు కక్కుతూనే ఉంటుంది.